తిరుపతి మేడలో మారిన కట్టు

1998 నవంబరు, వాన కురుస్తున్న ఒక గురువారం. ఉన్నవాళ్ళం: నేను, నా భార్య సుభద్ర, ఆమె తమ్ముడు మునిరత్నం. దెయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆ రోజు డైరీలో రాసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

సుభద్ర కాళహస్తిలో కలంకారీ బొమ్మలు గీసేది. జారిపడి కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు దగ్గర ఒక పెద్దాయన చేత వెదురుబద్దలతో కట్టు కట్టించి తిరిగి వస్తుంటే, వాగులు పొంగి తిరుపతిలో బస్సులు ఆగిపోయాయి. ఒక జమీందారు పాత మేడను హోటలుగా మార్చారు. అందులో మిగిలింది ఒక్క గది.

"ఆ గది వద్దు సార్. జమీందారు తల్లి ఆడ తిరగతా ఉంటాదంటారు," అన్నాడు మేనేజరు.

"తిరగనీప్పా. గది పెద్దదే గదా," అన్నాను.

సాయంత్రానికి చెయ్యి వాచింది. కట్టు బిగుసుకుని వేళ్ళు నల్లబడ్డాయి, గిల్లినా తెలియడం లేదు. విప్పితే ఎముక కదులుతుంది, విప్పకుంటే వేళ్ళు పోతాయి. మునిరత్నం కారు కోసం వెళ్ళాడు. నేను లోపల గడియ పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. కునుకు పట్టింది.

తలుపు కొట్టిన చప్పుడుకు లేచి గడియ తీశాను. తెల్లారితే గాని కారు రాదని చెబుతూ వచ్చిన మునిరత్నం, అక్క చెయ్యి చూసి ఆగిపోయాడు. వెదురుబద్దలు వేరే వరసలో ఉన్నాయి. గుడ్డ వదులుగా, నున్నగా చుట్టి ఉంది. వేళ్ళకు రంగు వచ్చింది. సుభద్ర హాయిగా నిద్రపోతోంది.

"నీకు పంచె ముడే నిలవదు గదా బావా. ఇదెవురు కట్టినారు?"

సుభద్ర లేచాక అడిగితే, నిద్రలో తనకేమీ తెలియలేదంది. నిద్రలో నేనే కట్టానని కొందరు మిత్రులు అంటారు. మెలకువలోనే రాని పని నిద్రలో ఎలా వస్తుంది? జమీందారు తల్లేనని ఇంకొందరు. నేను చూడలేదు, కాబట్టి ఒప్పుకోను.

మర్నాడు ఉదయం కారులో పుత్తూరు వెళ్ళాం. ఇంకొకరు కట్టిన కట్టును ఆ పెద్దాయన ఉంచడు. కోసిపారేసి తన చేత్తో మళ్ళీ కడతాడు.

"నా కట్టు మింద సెయ్యి పెట్టిందెవురు?" అంటూ కత్తెర తీశాడు. బద్దల మధ్య వేలితో నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. కత్తెర పక్కన పెట్టాడు.

"దీన్ని ఇప్పను. ఎముక నేను పెట్టినదానికన్నా బాగా కూసోనుండాది. ఎవురబ్బా కట్టింది?"

సుభద్ర వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూపింది. నేను తెలీదన్నాను. ఇప్పటికీ అంతకుమించి ఒక్క మాట అనను.