ఎదురింటి పెద్దాయన డివిజన్

మా ఎదురింటి పెద్దాయనకు ఎనభై ఒకటి. ఇంగ్లండ్‌లో పుట్టి, మందుల కంపెనీలో ఉద్యోగానికి అమెరికాలో మా ఊరు క్యారీకి వచ్చి, రిటైరై ఇక్కడే ఉండిపోయారు. భార్య పోయాక ఒంటరి. ఒంటరి అని మాటవరసకు అంటున్నాను గానీ, ఆయనింట్లో ఒక సైనిక డివిజన్ మొత్తం కాపురముంటుంది. గోడల నిండా మ్యాపులు, డైనింగ్ టేబుల్ మీద అట్టపెట్టెలు, ఫ్రిజ్ తలుపు మీద కందకాల ఫొటోలు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక బ్రిటిష్ డివిజన్ చరిత్రను పదకొండేళ్లుగా రాస్తున్నారు. ఆ వేగం చూస్తే యుద్ధమే నయం, నాలుగేళ్లలో అయిపోయింది.

నేను ఆ సైన్యంలో చేరింది ఆయన ప్రింటర్ బాగుచేయడానికి వెళ్లినప్పుడు. సాఫ్ట్‌వేర్ వాడికి ప్రింటర్ బాగుచేయడం వచ్చని ఈ దేశంలోనూ నమ్ముతారు. నేను డేటాబేస్‌ల మనిషిని, నాకేం తెలుసు? ఊడిపోయిన ప్లగ్ మళ్లీ పెట్టి వచ్చాను. అంతటితో ఆయన దృష్టిలో నిపుణుణ్ణయిపోయాను. శుక్లాల ఆపరేషన్ తర్వాత స్క్రీన్ మీద రాత ఆయనకు అలుక్కుపోతోందట. అందుకని శనివారం పొద్దున్నే వెళ్లి, పాత సైనికుల కాగితాల స్కాన్‌లు తెరిచి, ఆ గొలుసుకట్టు రాతను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం నా డ్యూటీ అయింది. నాకు నలభై నాలుగు. ఆయన మాత్రం నన్ను "యంగ్ మ్యాన్" అంటారు. ఈ మధ్య నన్నలా పిలిచేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేనూ కాదనలేదు.

మా ఆవిడది కరీంనగర్. ఆమెకు ఈ సేవ మొదట్నించీ మింగుడుపడలేదు.

"లాన్‌ల గడ్డి మోకాళ్లదాక వచ్చింది. అది కట్ చెయ్యనీకి టైం లేదు గని, బ్రిటిషోళ్ల యుద్ధం మాత్రం మంచిగ చేస్తున్నవ్" అనేది.

నిజం చెప్పాలంటే ఆ డివిజన్ మీద నాకు ఇష్టం పుట్టింది. వాళ్లు వృత్తి సైనికులు కారు. ఉత్తర ఇంగ్లండ్ ఊళ్లలో మిల్లు పనివాళ్లు, గుమాస్తాలు, బట్టల కొట్లలో గుడ్డలు కొలిచేవాళ్లు. పగలు ఉద్యోగం, వారంలో ఒకటి రెండు సాయంత్రాలు డ్రిల్ హాల్లో కవాతు, వేసవిలో రెండు వారాలు గుడారాల్లో క్యాంపు. అంతా ఇష్టపడి చేరిన వాలంటీర్లు. మన తెలుగు సంఘాల వాలంటీర్లలాగా గ్రూప్ ఫొటోలో ముందుండి, కుర్చీలు సర్దే వేళకు మాయమయ్యే రకమేమో అనుకున్నాను. తప్పు. యుద్ధం వచ్చాక ఆ గుమాస్తాలే బెల్జియంలో కాలువ పక్కన కందకాల్లో నెలల తరబడి మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డారు. విషవాయువు పీల్చారు. సొమ్ నది దగ్గర గుంపులు గుంపులుగా పోయారు. వృత్తి అన్న గడిలో "గుమాస్తా" అని, చివరి గడిలో చనిపోయిన తేదీ టైపు చేయాల్సి వచ్చినప్పుడల్లా నా చేతులు ఆగిపోయేవి.

ఇందులో ఒక మెలిక ఉంది. చేరేటప్పుడు వాళ్లు సంతకం పెట్టిన కాగితం స్వదేశ రక్షణ వరకే. ఇష్టం లేకుండా వాళ్లను సముద్రం దాటించే హక్కు ఎవరికీ లేదు. అందుకని యుద్ధం మొదలవగానే హాల్లో వరుసగా నిలబెట్టి, విదేశానికి వచ్చేవాళ్లు ఒక అడుగు ముందుకు వేయండన్నారు. వేసినవాళ్ల దగ్గర రెండో కాగితం మీద సంతకం తీసుకున్నారు. వాళ్లకు ఛాతీ మీద చిన్న బ్యాడ్జి. వేయనివాళ్లను విడదీసి, కొత్తవాళ్లకు కవాతు నేర్పే వెనక దళాల్లోకి పంపేశారు. ఊళ్లో వాళ్లను ఏమని ఉంటారో ఊహించుకోవచ్చు.

పెద్దాయన పుస్తకం చివర, వాళ్ల ఊరి డ్రిల్ హాల్ నుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల జాబితా ఉంది. అక్షరక్రమంలో పేర్లు, పక్కన రెండో కాగితం మీద సంతకం పెట్టిన తేదీ. మధ్యలో ఒక వరుస ఖాళీ. డేటాలో ఖాళీ వరుస కనబడితే తీసేసేదాకా నాకు నిద్ర పట్టదు. తీసేయబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"దాన్ని ముట్టుకోకు. అది మా తాతది."

అప్పుడు చెప్పారు. ఆ రోజు హాల్లో ఆయన తాత అడుగు ముందుకు వేయలేదని వాళ్లింట్లో అనుకునేవారట. పిరికివాడి కొడుకునని తండ్రికి జీవితాంతం సిగ్గు. ఇంట్లో తాత ఫొటో ఒక్కటీ ఉంచలేదు. అసలు కాగితం మాత్రం ఎవరూ చూడలేదు. ఆ సైనికుల కాగితాలు చాలామటుకు రెండో యుద్ధంలో బాంబులకు కాలిపోయాయి. మిగిలినవాటిలో తాతవి ఉన్నాయేమోనని రికార్డుల ఆఫీసుకు రాశారు.

"సంతకం పెట్టాడని తేలితే పేరు రాస్తాను. లేకపోతే ఆ వరుస తీసేస్తాను. ఏదో ఒకటి తెలుసుకునే పోవాలి" అన్నారు. వచ్చే నెల లైబ్రరీలో ఆ జాబితా ఉన్న అధ్యాయం నలుగురి ముందు చదవాల్సి ఉంది.

రెండు వారాలకు తాత కాగితాల స్కాన్‌లు మెయిల్‌లో వచ్చాయి. తొమ్మిది పేజీలు, అంచులు కాలినవి. నాకు ఫార్వర్డ్ చేసి వెంటనే ఫోన్ చేశారు. నేను ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో కార్‌లో ఉన్నాను.

"యంగ్ మ్యాన్, ఒకటే ప్రశ్న. సంతకం ఉందా?"

ఫోన్‌లోనే తెరిచి పేజీలు జరిపాను. మూడో పేజీ అడుగున, గీత మీద, ఆయన తాత పేరుతో ముత్యాల్లాంటి సంతకం.

"ఉంది సర్! కంగ్రాచులేషన్స్!"

 అవతల ముక్కు చీదిన శబ్దం వినబడింది. సాయంత్రానికల్లా ఇంగ్లండ్‌లో ఉన్న చెల్లెలికి, లైబ్రరీ ఆవిడకి, పోస్ట్ తెచ్చే అతనికి కూడా ఆ కబురు తెలిసిపోయింది. ఖాళీ వరుసలో పేరు ఆయనే ఒంటివేలితో టైపు చేసుకున్నారు.

మా ఆవిడ క్లినికల్ ట్రయల్స్ కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగం చేస్తుంది. కామా కూడా వదలదు. రెండు రోజుల తర్వాత ఆ తొమ్మిది పేజీలూ చూపించి కాస్త గొప్పలు పోయాను. ఆమె మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. అక్కడే నా పని అయిపోయింది.

"ఈ మూడో పేజీ ఏం ఫారమో చదివినవా?"

"సంతకం ఉందిగా!"

"సంతకం ఉన్నది. పైన స్వదేశంల సర్వీస్ అని ఉన్నది. ఇది చేరినప్పటి కాగితం. ఇది అందరూ పెట్టిన్రు. అంకుల్ అడిగింది ఇది కాదు."

 తప్పు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే తెలిసింది. పద్నాలుగేళ్లుగా వీసా పొడిగింపు కోసం లాయర్ ఆఫీసు నుంచి లావుపాటి కట్టలు వస్తాయి. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించి ఉంటుంది. చీటీ దగ్గర తెరువు, పెట్టు, పంపు. పైన ఏముందో ఒక్కసారి చదివిన పాపాన పోలేదు. నాకు కాగితమంటే అడుగున గీత, అంతే.

ఏడో పేజీ ఆమే తీసి చూపించింది. అది రెండో కాగితం. పేరు, నంబరు ఎవరో గుమాస్తా నింపాడు. సంతకం గీత ఖాళీ. పక్కన ఆఫీసర్ రాత: "ఫారం అడిగి తీసుకుని మొత్తం చదివాడు. ఒప్పుకోలేదు."

"పోయి చెప్పు. ఇప్పుడే పో" అంది మా ఆవిడ.

వెళ్లేసరికి పెద్దాయన లైబ్రరీలో వేసుకోబోయే కోటు బ్రష్ చేసుకుంటున్నారు. నిలబడే చెప్పేశాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులో ఇంకా సిగ్గుమాలిన సలహా ఒకటి ఇచ్చాను.

"సర్, ఈ కాగితం ఎవరు చూస్తారు? పేరు అలా ఉండనివ్వండి."

"అబద్ధం రాయడానికి పదకొండేళ్లు ఎందుకు? ఒక్క మధ్యాహ్నం చాలు" అన్నారాయన. "మిగతా పేజీలు చదువు. ఈసారి పైనుంచి."

చదివాను. రెండేళ్లకు చట్టం మారింది, ఇష్టాలు అడగడం మానేశారు. తాతను ఫ్రాన్స్‌కు, అదే డివిజన్‌కు, పోయినవాళ్ల స్థానంలో పంపారు. తర్వాత బెల్జియంలో పాషెండేల్ యుద్ధంలో, ఆ బురదలో పేలిన ఫిరంగి గుండుకు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. చివరి పేజీ ఇంటికి పంపేసిన కాగితం.

పెద్దాయన తన కుడిచేతిని చూసుకున్నారు.

"చిన్నప్పుడు రెండు మూడుసార్లు చూశాను ఆయన్ని. ఎడమచేత్తో టీ తాగేవాడు. వేళ్లు మిల్లు మిషన్‌లో పోయాయని నాన్న చెప్పాడు. తాత కాదనలేదు." ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "అంత హాల్లో కాగితం చదివినవాడు ఆయనొక్కడేనేమో" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, దాచుకోవాల్సిందేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం లైబ్రరీకి పాతిక మంది దాకా వచ్చారు. మా ఆవిడ ముందు వరుసలో కూర్చుంది. పెద్దాయన జాబితాలో పేర్లు, సంతకాల తేదీలు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయారు. ఆ వరుస తీసేసి ఉంటారనే అనుకున్నాను. అది అక్కడే ఉంది. పేరు చదివారు. తేదీ ఉండాల్సిన చోట టైపు చేసింది కూడా చదివారు.

"మొత్తం చదివాడు. ఒప్పుకోలేదు. తర్వాత తీసుకెళ్లారు, వెళ్లాడు. మూడు వేళ్లు అక్కడ వదిలి వచ్చాడు."

తర్వాతి పేరుకు వెళ్లకుండా కళ్లద్దాలు తీశారు.

"ఈయన మా తాత" అన్నారు. ఎనభై ఒక్కేళ్లలో ఆ మాట నలుగురిలో అనడం ఆయనకు అదే మొదటిసారి.