పాలు ఇంకించిన మల్లెలు

మొన్న ఎముకల స్కాన్‌కి వెళ్తే, అక్కడి అమ్మాయి పిల్లలకి ఎంతకాలం పాలిచ్చారని అడిగింది. డెబ్బయ్యేళ్ళ ముసలిదాన్ని ఆ ప్రశ్న అడిగితే నవ్వు రాదూ మరి! ఇద్దరికీ తనివితీరా ఇచ్చానమ్మా అన్నాను. అంతలోనే బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న పిల్ల గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది.

మన దేశం నుంచి స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగే పలికేది. ఈ పిల్ల ఖమ్మం నుంచి, నెలల పాపని అత్తగారి చేతుల్లో పెట్టి వచ్చింది. సీటు వదులుకుంటే మళ్ళీ రాదన్నారట. చేరగానే భర్తకీ పాపకీ వీసా అప్లై చేసింది. వాళ్ళొచ్చేదాకా పాలు ఇంకిపోకూడదని పంతం పట్టింది. ఇంట్లో, కాలేజీలో, ఆఖరికి పార్ట్‌టైమ్ పనిచేసే వేర్‌హౌస్ బాత్రూమ్‌లో కూడా పాలు పిండి పారబోసేది. నేను ఒకప్పుడు కాన్పుల వార్డులో నర్సుని కదా, పిండుతూ ఉంటేనే ప్రోలాక్టిన్ అనే హార్మోన్ పాలు తయారుచేస్తుంది, మానేస్తే ఎండిపోతాయి అని చెప్పింది నేనే. వీడియో కాల్‌లో పాప ఏడిస్తే చాలు, పాలు చేపుకొచ్చి స్వెట్టర్ తడిసిపోయేది. "ఇదేందాంటీ, గంత దూరంల ఏడిస్తే ఇక్కడ?" అని తెల్లబోయేది. "అది పాలు చేపించే ఆక్సిటోసిన్ పనే పిచ్చిదానా, దానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు" అనేదాన్ని.

అట్టపెట్టెలు మోసి మోసి దానికి నడుం పట్టేసినప్పుడు మాత్రం కేకలేశాను. పాలిచ్చినన్నాళ్ళూ ఒంట్లో ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది, రొమ్ములు ఎముకల్లోని కాల్షియం లాగి పాలలో కలుపుతాయి, మానేశాక ఎముక మళ్ళీ గట్టిపడుతుంది, తాగే బిడ్డే లేని పాల కోసం ఒళ్ళు కరిగించుకుంటావా అని. వింటేగా! చేసేదిలేక రోజూ రాగిజావ కాచి తాగించాను. దాని అత్తగారేమో రొమ్ములకి మల్లెపూలు కట్టుకుని పాలు ఇంకించుకోమనేది. ఆ మాట వస్తే ఈ పిల్ల ఫోన్ పెట్టేసేది.

వీసా రిజెక్ట్ అయింది. మళ్ళీ అప్లై చేస్తే మళ్ళీ రిజెక్ట్. అప్పటికి పాప నడుస్తోంది. ఆ సాయంత్రం మెట్లెక్కి పైకొచ్చి, "ఆంటీ, మల్లెపూలు ఎక్కడ దొరుకుతయ్?" అని అడిగింది. మంచులో మా ఆయన స్కార్‌బరోలోని తమిళుల కొట్టుకి వెళ్ళి తెచ్చారు. ఎవరికో తెలియక, "ఈ వయసులో ఇదేం సరదానే" అంటూ లోపలికొచ్చి, దాని మొహం చూసి పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నా చేతులతోనే మల్లెలు పరిచి, పాత చీర గుడ్డతో కట్టాను. "ఏడవకే తల్లీ, ఇక నీ ఎముకలు గట్టిపడతాయి" అన్నాను.

"దానికిద్దామనే కదాంటీ కరిగించుకున్న. ఇగ గట్టిపడి నేనేం చేసుకోవాలె?" అంది. దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను.

చివరికి వీసా దొరికి, నాన్నతో పాప వచ్చింది, మూడేళ్ళు నిండాక. ఎయిర్‌పోర్ట్‌కి నేనూ వెళ్ళాను. చేతులు చాచిన తల్లిని కాసేపు ఎగాదిగా చూసి, నాన్న జేబు లాగి, "ఫోనియ్యి, అమ్మతోని మాట్లాడత" అంది.

పోయిన కాల్షియాన్ని ఎముక మెల్లగా మళ్ళీ కూడబెట్టుకుంటుంది. పోయిన ఏళ్ళని కూడబెట్టుకోవడం మాత్రం ఏ తల్లి ఒంటికీ చేతకాదు.