సైన్ స్క్వేర్ దగ్గర ఆగిపోయిన మేడం

మా లెక్కల మేడం పోయారని సామర్లకోట నుంచి ఆవిడ భర్తే ఫోన్ చేసి చెప్పారు. "మీ మేడం వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్న కాఫీకి లేపితే లేవలేదు" అని, "నీకు కాలేజీ ఉంటుందేమో, కంగారు పడి రాకు" అన్నారు. తునిలో రైలెక్కి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

తొంభైలలో ఇంటర్ రెండో ఏడు మాకు సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, చెప్పింది ఆవిడే. నేతచీర కొంగు నడుముకి బిగించి, బోర్డు మీద సైన్ క్యూబ్ ఎక్స్ రాసి మా వైపు తిరిగేవారు. "ఘాతం బేసి అయితే ఒక సైన్‌ని విడదీసి పక్కన కూర్చోబెట్టండి. మిగిలిన సైన్ స్క్వేర్‌ని కాస్‌లోకి మార్చండి. సరి అయితే ఆ పప్పులుడకవు. కోణం రెట్టింపు చేసి ఘాతం దించాలి."

"ఎందుకండీ ఇన్నిసార్లు మార్చడం?" అని అడిగానొకసారి.

"విలువ మారదే, వేషం మారుతుంది. ఆ వేషంలో లొంగనిది ఈ వేషంలో లొంగుతుంది."

బోర్డు దగ్గర ఎవరి చెయ్యి ఆగిపోయినా పక్కవాళ్ళని అందించనిచ్చేవారు కాదు. "ఉండండర్రా, దాన్నే చెయ్యనివ్వండి" అనేవారు. కాస్ పవర్ నాలుగు దగ్గర నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, బెల్లు కొట్టాక తన డబ్బాలోని పెరుగన్నం సగం మూతలో పెట్టి ఇచ్చారు. "తిని ఆలోచించు. ఆకలి మీద ఏ ఫార్ములా గుర్తురాదు." నిజంగానే తిన్నాక వచ్చింది. ఆ ధైర్యంతోనే తర్వాత నేనూ లెక్కలు చెప్పే పనిలోకి వచ్చాను.

రిటైరైన కొన్నేళ్ళకి మేడంకి మతిమరుపు మొదలైంది. ముందు తాళాలు, తర్వాత వీధులు, ఆ తర్వాత మనుషులు. చూడబోయిన రోజు నన్ను ఆనవాలు పట్టలేదు. వరండా గచ్చు మీద కూర్చుని, సుద్దముక్కతో సైన్ స్క్వేర్ ఎక్స్ రాసి, ఈజ్ ఈక్వల్ టు పెట్టి ఆగిపోయారు. "తర్వాత ఏంటండి?" అని భర్తని అడిగారు. చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసిన ఆయనకేం తెలుస్తుంది? ఆయన నా వైపు చూశారు. నేను నోరు తెరవబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టారు.

"చెప్పకండి. నన్నే చెయ్యనివ్వండి."

పొద్దువాలేదాకా కూర్చున్నాను. ఆవిడకి గుర్తు రాలేదు. ఆగలేక చెప్పేశాను. ఆవిడ మర్యాదగా తలూపి, "అలాగాండి" అని, గచ్చు తుడిచి మళ్ళీ మొదటి నుంచి రాశారు. మళ్ళీ అక్కడే ఆగారు. వేషమే తప్ప విలువ మారదన్న మాటని ఆ సాయంత్రం ఎంత పట్టుకుందామన్నా నాకు పట్టు దొరకలేదు.

పెద్దకార్యం నాడు భోజనాలయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక, ఆయన నన్ను వరండాలోకి పిలిచారు.

"అమ్మా, ఆ ఈజ్ ఈక్వల్ టు తర్వాత ఏముంటుంది? రోజూ నన్నే అడిగేది. నేనేమో లెక్కలు స్కూల్లోనే వదిలేసినవాణ్ణి."

గచ్చు మీద రాసి చూపించాను. "కాస్ టూ ఎక్స్ అంటే ఒకటిలోంచి రెండు సైన్ స్క్వేర్లు తీసేసినట్టండి. అటుదిటు జరిపితే, రెండు సైన్ స్క్వేర్లకీ కలిపి ఒకటి మైనస్ కాస్ టూ ఎక్స్. మనకి కావాల్సింది ఒక్కటే కదండీ. అందుకని కింద రెండు వేస్తాం. అంటే అందులో సగం."

"ఇంతేనా?" అన్నారాయన. "నేనిది ముందే నేర్చుకుని ఉంటే, తనకి పక్కనుంచి మెల్లిగా అందించి ఉంటే, వచ్చుండేదంటావా?"

వచ్చుండేది కాదని నాకు తెలుసు.

ఆయన నా చేతిలోని సుద్దముక్క తీసుకుని గచ్చు మీదికి వంగారు. అప్పుడే బళ్ళో వేసిన పిల్లాడిలా, గీత కింద నేను వేసిన రెండు అంకె మీద దిద్దడం మొదలుపెట్టారు. నేను చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఇంకా దిద్దుతూనే ఉన్నారు.