తటస్థం నొక్కిన తొమ్మిది మంది

మా సమాధుల తోట రొయ్యల గుంట అయితే ఆ పాపం మీదే, తటస్థం నొక్కి పక్కకు జరిగిన మీ తొమ్మిది మందిదీ.

చిల్లకూరు దగ్గర మా ఊరి తోటను, అందరూ కలిసి దిద్దుకునే ఆన్‌లైన్ మ్యాపులో ఎవరో రొయ్యల గుంటగా గుర్తించారు. గుంటల వ్యాపారి ఇప్పుడు ఆ మ్యాపునే చూపించి, ఆ స్థలం తనదంటున్నాడు. నేను సవరణ పెట్టాను. ఐదుగురు అనుకూలమంటే మారుతుంది, ముగ్గురే అన్నారు. తటస్థం లెక్కలోకి రాదు.

ఆ తొమ్మిది మందిలో ఏసుదాసు పేరు కనిపించింది. మధ్యాహ్నం అతని సైకిల్ షాపుకే వెళ్లాను.

"మీ అమ్మ ఉండేది ఆడనే కదా, తటస్థం ఏంది సామీ?"

"అందుకేన్నా. మా అమ్మ సమాధికి నేనే ఓటేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? కింద రాసినా కదా, సమాధి ఫోటో గూడా పెట్టినా."

"ఫోటో చూస్తారు. నీ ఓటు మాత్రం సున్నా."

అతను పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్లో ఓటు అనుకూలానికి మార్చాడు.

అతనిది మర్యాద. మీ ఎనిమిది మందిదీ భయం. కాదంటే కింద చెప్పండి, వింటాను. ముందు ఇవి చేయండి:

రేపు పొద్దున పదిలోపు ఓటు మార్చండి.
వ్యతిరేకమైతే వ్యతిరేకమనే వేసి, కారణం రాయండి.
మీవాళ్ల సమాధి ఫోటో ఉంటే వ్యాఖ్యలో పెట్టండి.
ఇంకొక్క ఓటు కావాలి.