కడిగిన కొమ్మ

మొన్న ఆదివారం మా అమ్మాయి పెరట్లో ఒక చేత్తో నా ఫోను, ఇంకో చేత్తో మొక్కలకు నీళ్లు పట్టే పైపు పట్టుకుని జామచెట్టు ముందు నిలబడి ఉంది. పిగిలిపిట్ట గూడు కట్టిందట. "అమ్మా, పానాల మీద మస్తు దుమ్ముంది. జర నీళ్లు కొడ్త, ఫోటో మంచిగొస్తది" అంది. ఆకుల్ని పానాలంటుంది, మరాఠీ బడిలో చదివే పిల్ల. నేను పరుగున వెళ్లి పైపు లాక్కున్నాను. అది మొహం చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది.  దానికి చెప్పాల్సింది, ఇవాళ అది పడుకున్నాక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

తెలంగాణ ఏర్పడిన రోజులవి. మేం మహారాష్ట్ర వైపు భద్రావతిలో, బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా అత్తగారి పుట్టినూరు విరూర్ దాటాక అవతల, అంటే కొత్త రాష్ట్రంలోకి వెళ్లింది. సాయంత్రమైతే అరుగుల మీద అందరిదీ ఒకటే మాట, అవతలికి పోదామా, ఇక్కడే ఉందామా అని. నా చెవులు మాత్రం పాప ఊపిరి మీదే ఉండేవి. ఇప్పటి ఈ అమ్మాయే, అప్పటికి ఏడు నెలల పిల్ల. దగ్గు పట్టుకుంటే వారాల తరబడి వదిలేది కాదు. దుమ్ము తగలనివ్వొద్దని చంద్రాపూర్ డాక్టరు చెప్పాడు గానీ, గని పక్కన ఉంటూ అదెలాగో ఆయనా చెప్పలేదు. అందుకని చేతిలో ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉండేది: కిటికీ ఊచలు, ఉయ్యాల తాడు, పాప బుగ్గలు, మళ్లీ కిటికీ ఊచలు. ఆ కాలనీలో తులసి ఆకులు సైతం కడిగి గాని ఎవరూ దీపం పెట్టేవారు కాదు, రాత్రికి రాత్రే అన్నీ నల్లబడేవి మరి.

ఆ ఎండాకాలమే వంటింటి వెనక నిమ్మచెట్టులో పిగిలిపిట్ట గూడు పెట్టింది. పాప ఫోటోలు తీయడానికి మా ఆయన కొన్న చిన్న కెమెరా ఇంట్లో ఉండేది. ఫోన్లలో ఇంత మంచి కెమెరాలు అప్పటికింకా మాబోటి వాళ్లకు రాలేదని నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పాప పెద్దయ్యాక చూపించాలని ఆ గూటిని రోజుకో ఫోటో తీయడం మొదలుపెట్టాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని, జాగ్రత్తలన్నీ తెలుసనుకున్నాను. కిటికీకి పాత చీర కట్టి, చిన్న చిరుగులోంచి మాత్రమే చూసేదాన్ని. ఫ్లాష్ వేయలేదు, కొమ్మ వంచలేదు, గూటి మీద చెయ్యి పెట్టలేదు. "దాని జోలికి పోకు బిడ్డా" అని అత్తగారు అంటే, పోవడం లేదత్తమ్మా అని నిజమనుకునే చెప్పాను.

మూడు గుడ్లు మూడు పిల్లలయ్యాయి. అయితే ఫోటోలే సరిగా రాలేదు. నల్ల తల పిట్ట, నల్లబడ్డ ఆకులు, ఎక్కడ ఏముందో తెలిసేది కాదు. ఒక సాయంత్రం తల్లిపిట్ట మేతకు వెళ్లగానే చెంబుతో నీళ్లు తీసుకెళ్లి, గూడు తడవకుండా, దాని ముందున్న ఆకుల్ని ఒక్కొక్కటే కడిగాను. రెండు నిమిషాల పని. పిట్ట తిరిగొచ్చింది, ఏమీ ఎరగనట్టే పిల్లల నోట్లో పురుగు పెట్టింది. ఆ ఒక్క ఫోటో ఎంత బాగా వచ్చిందో చెప్పలేను.

మర్నాడు పాపకు స్నానం చేయిస్తుంటే పెరట్లో గోల వినబడింది. తువ్వాల చుట్టి ఎత్తుకుని పరుగెత్తేసరికి కాకి గోడ మీద ఉంది, గూడు ఖాళీగా పక్కకు ఒరిగి ఉంది. కాలనీలోని చెట్లన్నీ నల్లగా ఉంటే, మా నిమ్మచెట్టుకు ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా మెరుస్తోంది. తల్లిపిట్ట నోట్లో పురుగు పెట్టుకుని ఆ కొమ్మ చుట్టే తిరిగింది. ఎంతసేపటికీ ఆ పురుగును వదల్లేదు.

అత్తగారు వచ్చి కొమ్మను చూశారు, అక్కడున్న చెంబును చూశారు. కోప్పడతారనుకున్నాను.

"కడిగినవా? గా మసే కదనే బిడ్డా, పిల్లల్ని దాచింది" అన్నారు మెల్లగా, పాపను నా చేతుల్లోంచి తీసుకుంటూ.

ఆ తర్వాత పాప బుగ్గ తుడవబోయినప్పుడల్లా చెయ్యి ఒక క్షణం ఆగేది. ఆగినా తుడిచేదాన్ని, దగ్గు అలాంటిది. అవతలికి వెళ్లిన వాళ్లు వెళ్లారు. మేం ఏడాది తిరక్కుండా చంద్రాపూర్ చేరాం. దగ్గు ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. ఉన్నన్నాళ్లూ మాత్రం గంట గంటా గుర్తుంది.

నిన్న అమ్మాయి కిటికీలోంచి, ఆకులు కడక్కుండానే ఫోటో తీసి తెచ్చి చూపించింది. దుమ్ము పట్టిన ఆకుల మధ్య తోక కింది ఎర్రమచ్చ ఒక్కటే కనబడుతోంది. ఏం కనిపిస్తలేదని విసుక్కుని, అక్కడికక్కడే చెరిపేసింది. ఈ పిల్లలు రోజుకు వంద తీస్తారు, వందా చెరుపుతారు. నా దగ్గర ఆ నాటిది ఒక్కటుంది, ఆకుల ఈనెలతో సహా స్పష్టంగా, మూడు నోళ్లూ తెరుచుకుని. దాన్ని అమ్మాయికి ఇంతవరకూ చూపించలేదు, చెరపనూ లేదు.

పైపు చుట్టి అటక మీద పెట్టేశాను. జామాకుల మీద దుమ్ము అలాగే ఉంది.