దానంతట అదే లేచే స్విచ్

అక్కకు విజయవాడలో ఉద్యోగం వచ్చింది. సొంత అక్క కాదు, ఆఫీసులో నా సీనియర్. నాది నల్లగొండ దిక్కు, ఆమెది తెనాలి. ఎల్బీనగర్‌లో ఓ టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. ఊళ్లో వాళ్ల నెట్‌వర్కులు చూసిపెట్టడం మా పని. నెట్ వస్తున్నంతసేపు మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. ఆగిపోతే మాత్రం మా నంబర్ అందరికీ నోటికొస్తుంది.

అక్క కూతురు విజయవాడలో అమ్మమ్మ దగ్గర ఉంటోంది. సోమవారం ఒకటో తరగతిలో చేరాలి. అదే సోమవారం అక్క కొత్త ఉద్యోగంలో చేరాలి. మధ్యలో అడ్డం ఒక్కటే, మా సార్ రిలీవ్ చేయాలి. పాత కంపెనీ ‘పో’ అని కాగితం మీద రాసిస్తే తప్ప కొత్త కంపెనీ ‘రా’ అనదు. ఇంత అప్పగింతల తంతు పెళ్లిళ్లలో కూడా ఉండదు.

“నేనెందుకు ఆపుతనమ్మా?” అన్నాడు సార్. “గా కోచింగోళ్ల పని ముగించు, శుక్రవారం లెటర్ తీస్కొని పో. పని గాకపోతే ఇంకో నెల ఉండు. నీ ఇష్టం.”

ఆయన ‘నీ ఇష్టం’ అన్నాక ఎదుటివాళ్లకు ఇష్టాలేమీ మిగలవు.

కోచింగోళ్లంటే దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద సెంటరు, ఎల్బీనగర్, హయత్‌నగర్, తుర్కయంజాల్‌లో బ్రాంచీలు. పిల్లలు పరీక్షలు రాసే కంప్యూటర్లు, ఫీజుల కౌంటరు, కెమెరాలు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద కలిసిమెలిసి బతికేవి. ఓ కుర్రాడు క్లాసు కంప్యూటర్లోంచి కెమెరాల్లోకి దూరి, ప్రిన్సిపాల్ గారు కుర్చీలో నిద్రపోతున్న దృశ్యాన్ని ప్రొజెక్టర్ మీద వేసేదాకా ఆ సఖ్యత ఎవరికీ తప్పనిపించలేదు. వాడికి ఎంట్రన్సులో ఎంత ర్యాంకు వచ్చిందో తెలియదు గానీ, వాడి పుణ్యాన మాకో కాంట్రాక్టు వచ్చింది. అన్నిటినీ విడదీయాలి.

దీనికి మందు వీఆర్ఎఫ్. పేరు చూసి బెదరక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో కిరాయి ఇల్లు వెతికినవాళ్లకు తెలిసిన సంగతే. ఉన్న ఒక్క ఇంటినీ ఓనరు పోర్షన్లుగా చేసి, ఎవరి గేటు వాళ్లకు పెడతాడు చూడండి, అదే. ఒకే స్విచ్, అంటే నెట్ వైర్లన్నీ వచ్చి గుచ్చుకునే డబ్బా, తన తలలో వేర్వేరు దారుల పట్టికలు పెట్టుకుంటుంది. పిల్లల పోర్షన్‌లో ఉన్నవాడికి కెమెరాల పోర్షన్ ఒకటుందనే తెలియదు. ఇంట్లో అయితే గోడ అవతలి టీవీ వినిపిస్తుంది, ఇక్కడ అదీ ఉండదు. మేము దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్లే దారికి కూడా ఓ పోర్షన్ కట్టాలి. అది ఓనరు పోర్షన్ అనుకోండి.

అక్క ఆ పని చేత్తో మొదలుపెట్టింది. ఒక్కో బ్రాంచిలో బోలెడు స్విచ్‌లు, ఒక్కోదానికి పేజీల కొద్దీ ఆదేశాలు. ఆ లెక్కన పనయ్యేసరికి పాప రెండో తరగతికి వచ్చేస్తుంది.

“అక్కా, ప్రోగ్రాం రాద్దాం. బ్రాంచి పేరు చెప్తే అదే అన్ని స్విచ్‌లలోకి వెళ్లి పోర్షన్లు కట్టొస్తది. మనం చాయ్ తాగొచ్చు.”

“నువ్వు ఇప్పుడూ చాయే తాగుతున్నావు కదరా” అంది అక్క, కీబోర్డు మీంచి తలెత్తకుండా.

నిజమే. ఆటోమేషన్ కనిపెట్టినవాళ్లందరినీ మేధావులంటారు గానీ వాళ్లలో సగం మంది నాలాంటి బద్ధకస్తులే అయ్యుంటారని నా గట్టి నమ్మకం. కూర్చుని రాశాను. బల్ల మీద పాత స్విచ్ ఒకటి పెట్టి, నెట్‌తో పని లేకుండా నేరుగా లోపలికి వెళ్లే నీలం వైరు దాని వీపుకు గుచ్చి, ప్రోగ్రాం నడిపాను. క్షణాల్లో పోర్షన్లన్నీ వెలిశాయి. లేచి నిలబడి, ఖాళీ కుర్చీలకు నమస్కారం పెట్టాను.

అక్క మెచ్చుకోలేదు. “రీలోడ్ పెట్టావా?” అంది.

అది మా వృత్తిలో ఆచారం. దూరపు స్విచ్‌ను ముట్టుకునే ముందు, ‘పది నిమిషాల్లో నీ అంతట నువ్వే పడుకుని లే’ అని దానికి చెప్పి మొదలుపెడతాం. అంతా బాగా జరిగితే ఆ ఆజ్ఞ రద్దు చేస్తాం. మనం ఏదైనా వెలగబెట్టి లోపలికి వెళ్లే దారి మూసుకుపోతే, అది రీస్టార్ట్ అయి, చివరిసారి సేవ్ చేసిన పాత రూపంలో లేస్తుంది. పాపపుణ్యాలు రద్దు.

“దుకాణానికి నిమ్మకాయ కట్టినట్టుందక్కా ఇది.”

“కట్టు. దుకాణానికి కాదు, నీకు.”

కట్టాను. రీలోడ్ పెట్టేటప్పుడు స్విచ్ ఏవైనా ప్రశ్నలడిగితే ‘వద్దు’ అనమని ప్రోగ్రాంకు నేర్పాను. ప్రశ్నలకు వద్దనడం ఎప్పుడూ క్షేమమని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

గురువారం మధ్యాహ్నం, పిల్లలు అన్నాలకు లేచే వేళ చూసి, అన్నిటికంటే చిన్నదైన తుర్కయంజాల్ బ్రాంచితో మొదలుపెట్టాం. మొదటి స్విచ్. తెర మీద నాలుగు లైన్లు గబగబా పరుగెత్తి ఆగిపోయాయి. నేనూ ఆగిపోయాను.

“పోయింది” అన్నాను.

“లేస్తుందిలే” అంది అక్క. లేవడానికే కదా ఆచారం.

కంప్యూటర్లోంచి స్విచ్‌ను పిలిచి చూస్తూ కూర్చున్నాను. జవాబు లేదు, జవాబు లేదు అని తెర మీద లైన్ల మీద లైన్లు పడుతున్నాయి. కూర్చోలేక బాల్కనీలోకి వెళ్లాను. కింద టైరుకు గాలి కొడుతున్నారు, పైన మెట్రో పోతోంది. ప్రపంచమంతా కదులుతోంది, తుర్కయంజాల్ తప్ప. లోపలికొచ్చాను. మళ్లీ బాల్కనీ.

“ఏందిరా, గట్ల తిరుగుతున్నవ్?” సార్ తన గదిలోంచి తొంగిచూశాడు.

“కాళ్లు పట్టేసినయ్ సార్.”

“తిరిగితె జర ఎక్కువ పట్టేస్తయ్. కూసో.”

కూర్చున్నాను. మోకాలు మాత్రం కూర్చోలేదు. పది నిమిషాలూ దాటిపోయాయి. స్విచ్ లేవలేదు. ఈలోగా బ్రాంచి ఇన్‌ఛార్జి ఫోన్. “ఏమైంది సార్? ఇక్కడ నెట్ మొత్తం బంద్. డబ్బాల లైట్లయితే మస్తు మెరుస్తున్నయ్. సాయంత్రం పిల్లలకు టెస్టున్నది.”

సార్ ఆ మాట విన్నాడు. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. “అమ్మా, గిట్లైతే నిన్ను ఎట్ల పంపాలె, నువ్వే చెప్పు” అన్నాడు మెల్లగా. అక్క లేచింది. బ్యాగులో లాప్‌టాప్, నీలం వైరు వేసుకుని మెట్లు దిగింది. నేను వెనక పరిగెత్తి స్కూటర్ తీశాను.

సాగర్ రోడ్డు మీద ఆ వేళ ఎవరికీ తొందర లేదు. ముందొక నీళ్ల ట్యాంకర్ ఒలకబోసుకుంటూ తీరిగ్గా వెళ్తోంది. దాన్ని దాటుదామని కుడికి వంగితే ఎదురుగా ఆటో, ఎడమకు వంగితే గేదె. వెనక అక్క ఫోన్‌లో కూతురితో మాట్లాడుతోంది. “వచ్చేస్తున్నానమ్మా. లేదు, కొత్త బ్యాగు నేనొచ్చాకే కొందాం. ఆ, శనివారమే. ఒట్టు.”

ఫోన్ పెట్టేశాక నా భుజం మీద తట్టింది. “ఒట్టు పెట్టేశానురా.”

“నా మీద పెట్టలేదు గద?”

“నీ మీద పెడితే అది నమ్మదు.”

ఆ తర్వాత తుర్కయంజాల్ దాకా నాకు ఒక్క జోకూ తట్టలేదు. అది ప్రమాద సూచన అని అక్కకు తెలుసు.

బ్రాంచిలో స్విచ్ వీపుకు నీలం వైరు గుచ్చాం. తెర మీద ఒకే ప్రశ్న. మొదటి నుంచి అమర్చుకుందామా, అవునా కాదా? పెట్టెలోంచి ఇప్పుడే తీసిన కొత్త స్విచ్ అడిగే ప్రశ్న అది. దానికి పేరు గుర్తు లేదు, ఊరు గుర్తు లేదు, మేమెవరమో గుర్తు లేదు.

“ఎవరో మహానుభావుడు దీన్ని అమర్చి, సేవ్ చేయకుండా వెళ్లిపోయాడు” అంది అక్క. “ఇన్వర్టర్ బాగుంది కాబట్టి ఇన్నాళ్లూ ఆగకుండా నడిచింది. మనం పడుకుని లెమ్మన్నాం. లేచింది పాపం, ఖాళీ బుర్రతో.”

ప్రోగ్రాం దాచిన రికార్డు చూశాను. రీలోడ్ పెట్టేటప్పుడు స్విచ్ అడిగింది. ‘సేవ్ చేయని సంగతులున్నాయి, చేయమంటారా?’ అని మర్యాదగా అడిగింది. నా ప్రోగ్రాం అంతకంటే మర్యాదగా వద్దంది. నాన్న సూత్రం ఇంట్లో పనిచేసినట్టు అన్నిచోట్లా పనిచేయదు.

అదృష్టం కొద్దీ ప్రోగ్రాం మొట్టమొదట చేసిన పని, పాత అమరిక మొత్తం కాపీ తీసిపెట్టుకోవడం. ఆ కాపీని నీలం వైరులోంచి తిరిగి పోశాం. నెట్ వచ్చింది. ఇన్‌ఛార్జి ‘మీరు దేవుళ్లు సార్’ అన్నాడు. మంట పెట్టిందీ మేమేనని ఆయనకు చెప్పలేదు.

“అది సరే, అసలు దారెందుకు తెగింది?” అన్నాను. “ఆఫీసుల మంచిగ నడిచింది గద?”

“ఆఫీసులో ఏ వైరు మీద నడిపావు?”

“ఇదే. నీలం వైరు.”

అక్క నా వైపు చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వింది. రెండు క్షణాలకు నాకూ వెలిగింది. ఒక పోర్టును, అంటే వైరు గుచ్చే కన్నాన్ని, కొత్త పోర్షన్‌లోకి మార్చగానే స్విచ్ దాని పాత చిరునామా చెరిపేస్తుంది. తర్వాతి లైన్లో మేం ఆ చిరునామా తిరిగి రాస్తాం. ఆఫీసులో నేను దాని వీపుకే అంటుకుని ఉన్నాను కాబట్టి రెండు లైన్లూ చేరాయి. ఇక్కడ నేను వెళ్లిందే ఆ చిరునామా మీదుగా. మొదటి లైన్‌తో నా కాళ్ల కింది దారి పోయింది, రెండో లైన్ ఎల్బీనగర్‌లోనే ఉండిపోయింది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ని చూసి చిన్నప్పటి నుంచీ నవ్వుతూనే ఉన్నాను. వాడికి కనీసం గొడ్డలి మోసే శ్రమైనా ఉంది.

పరీక్షల గది బయట మెట్ల మీద కూర్చుని ప్రోగ్రాం మార్చాం. ముందు సేవ్ చేయాలి. ఆ తర్వాత ఆదేశాలన్నీ ఒక ఫైలుగా స్విచ్ కడుపులోనే పెట్టి, ‘నువ్వే చదువుకో’ అని చెప్పాలి. మధ్యలో మా దారి తెగినా అది చదువుతూనే ఉంటుంది. మా కోసం ఆగదు.

“రేపు చేద్దామా?” అన్నాను.

“రేపు శుక్రవారం. ఇప్పుడే. నువ్వే కొట్టు.”

కొట్టాను. తుర్కయంజాల్ స్విచ్ మాయమైంది. జవాబు లేదు, జవాబు లేదు, జవాబు ఉంది. మిగతా స్విచ్‌లు, తర్వాత హయత్‌నగర్, ఎల్బీనగర్. ప్రతిదీ ఒకసారి చచ్చి మమ్మల్ని చంపి లేచింది. చివరన దిల్‌సుఖ్‌నగర్ పెద్ద స్విచ్ మరీ తాత్సారం చేసింది. ఆ కాసేపట్లో అక్క తన చున్నీ కొసను తాడులా పేనేసింది. అదీ లేచింది. పిల్లల కంప్యూటర్లోంచి కెమెరాను పిలిచి చూశాం. అలాంటిదేదీ లేదంది. టెస్టు పేజీ మాత్రం ఠక్కున తెరుచుకుంది.

అక్క సార్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

“అన్నీ అయినయా? గింత జల్దీనా?” పని తొందరగా అవడం ఆయనకు ఎప్పుడూ అనుమానమే. “అయితె ఇగ నీతోని పనేమున్నది? రేపు లెటర్ తీస్కో. ఇగ అన్ని బ్రాంచీలు గా పోరడు చూస్కుంటడు.”

పోరడంటే నేను. అక్కను విడిపించడానికి నేను రాసిన ప్రోగ్రాంతో నా మెడకేం చుట్టుకుందో అప్పుడు తెలిసింది. అక్క నాకేసి చూసి, “కంగ్రాట్స్” అంది. ఆమె వ్యంగ్యం ఒక్క మాటలో కూడా ఇమిడిపోతుందని అన్నాళ్లూ తెలియదు.

శనివారం ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కించడానికి వెళ్లాను. బస్సు ఆలస్యం. చెప్పుకోవాల్సినవి ఏవైనా ఉంటే అప్పుడే చెప్పుకోవాలి. మేము మాత్రం వచ్చిన ప్రతి బస్సు బోర్డూ పైకి చదువుతూ నిలబడ్డాం. బస్సు వచ్చాక అక్క ‘జాగ్రత్తరా’ అని ఎక్కేసింది, నేను ‘సరే’ అన్నాను. మా మధ్య నడిచిన మహా సంభాషణ అంతే.

ఏసీ బస్సు నల్లద్దాల్లోంచి ఎవరూ కనబడరు. ఆమె ఏ కిటికీ దగ్గర కూర్చుందో తెలియక మొత్తం బస్సుకు చెయ్యి ఊపాను. ముందు డ్రైవర్ పక్కన నిలబడ్డ పెద్దాయనెవరో తిరిగి ఊపాడు. ఆయనకే ఇంకోసారి ఊపి స్కూటర్ తీశాను.