హుటాన్ మెలింటాంగ్‌లో గడియ వేసిన తలుపు

పిన్ని ఫోన్‌లో ఏడవలేదు. “గురువారం ఆఫీసోల్లు ఇంటికొత్తారంట. మీ సిన్నాన్నని తీసుకుపోతారు. నువ్వు రా,” అని పెట్టేసింది. చిన్నాన్న చేపల పడవ మీద పనిచేసినవాడు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. పిల్లల్లేరు. రొయ్యలు ఒలిచే పని మానేసి పిన్నే అన్నీ చూసుకుంటోంది. మంచం పట్టినవాళ్లని ఇంట్లో చూసుకునేవారికి ప్రభుత్వం నెలనెలా సాయం ఇస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టించింది నేనే. విచారణకి సంక్షేమ ఆఫీసు మనిషి ఇంటికొస్తారని మాత్రం చెప్పలేదు, భయపడుతుందని. ఫలానా రోజు వస్తామని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక ఇంకా ఎక్కువ భయపడింది.

నేనుండేది మలేషియాలోనే, సైబర్‌జయలో; అక్కణ్ణుంచి ఉదయం ఐదున్నరకి పిన్నివాళ్ల ఊరు హుటాన్ మెలింటాంగ్‌కి బయల్దేరాను. క్లాంగ్ దాటి కువాలా సెలంగోర్ మీదుగా తీరం వెంట పోయే పాత రోడ్డు, మధ్యలో ఆగినా మూడున్నర గంటలు చాలు. పెట్రోలు, టోలు కలిపి రానూపోనూ ఎనభై రింగిట్ల లోపే. కారు లేనివాళ్లు కె.ఎల్. (కౌలాలంపూర్) నుంచి ఆ ఊరికి దగ్గర్లోని తెలుక్ ఇంతాన్‌కి బస్సెక్కి, అక్కడ టాక్సీ మాట్లాడుకోవచ్చు. ఏడింటికి కువాలా సెలంగోర్‌లో పరోటా లాంటి రొట్టి చనాయ్ తినడానికి ఆగాను. పిండి విసురుతున్న తమిళాయన ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగితే సంగతి చెప్పాను. ఆయన చెయ్యి ఆగింది.

“జాగ్రత్తమ్మా. మా వీధిలో ఒక పెద్దాయన్ని ఇలాగే చూసిపోయారు. నెల తిరక్కుండా వృద్ధాశ్రమంలో చేర్చేశారు.”

“ఆయనకి ఇంట్లో ఎవరూ లేరా?”

“అది నాకు తెలీదు.”

రొట్టె సగంలో వదిలేశాను. అక్కణ్ణుంచి చాలా దూరం రెండు పక్కలా పామాయిల్ తోటలే, రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ లేవు. మూడుసార్లు ఫోన్ చేశాను. పిన్ని ఎత్తలేదు. చేజేతులా వాళ్ల ఇంటి గుట్టు ఆఫీసుకి అప్పగించానా అన్న ఆలోచన వదల్లేదు.

తొమ్మిదింటికి నది ఒడ్డునున్న పిన్ని ఇంటికి చేరాను. ఆఫీసరు పదింటికి రావాలి. తలుపుకి లోపల గడియ, కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

“ఎవులెవులొచ్చినారు?” లోపల్నుంచి పిన్ని గొంతు.

“నేనొక్కదాన్నే పిన్నీ.”

తలుపు తీసింది. చిన్నాన్నకి చొక్కా తొడిగి ఉంది, మంచం పక్కన బట్టల సంచీ. “పడవకి సెప్పినాను. ఆల్లొచ్చేలోగా అవతలి ఒడ్డుకి తీసుకుపోదాం. కాల్లు నువ్వు పట్టు.”

 జెట్టీ చెక్కలు తడిసి జారుతుంటాయి. ఇద్దరం ఆడవాళ్లం, కదల్లేని మనిషి, కింద నది. వద్దన్నాను, వినలేదు. “నీకేటి తెలుసే, నువ్వు ఆల్ల మనిసివి,” అంది. ఆ మాట నోట్లో ఉండగానే, పది కాకముందే, బయట కారు ఆగిన చప్పుడు.

ఆఫీసరు స్కార్ఫ్ కట్టుకున్న మలయ్ అమ్మాయి, చేతిలో ఫైలు. “మక్‌చిక్, లోపలికి రావచ్చా?” అంది. మనం పిన్నిగారూ అన్నట్టు; మగవాళ్లనైతే పక్‌చిక్ అంటారు. మంచం చూసింది, వంటిల్లు చూసింది, చిన్నాన్న వీపు మీద పుళ్లున్నాయేమో చూసింది. ఆవిడ ఏదైనా రాసుకున్నప్పుడల్లా పిన్ని నా మణికట్టు నొక్కుతోంది. చివరికి ఆవిడ మంచం పక్కన గొంతుక్కూచుని, “పక్‌చిక్, మీకు ఇక్కడే ఉండాలనుందా?” అని ఆయన్నే అడిగింది.

 చిన్నాన్న వంకరపోయిన పెదాల్తో, మలయ్‌లో, ఆవిడకి అర్థమయ్యేలా అన్నాడు. “నన్ను తీసుకుపోండి. దీని నడుం... పోయింది.”

 ఉత్తరం వచ్చినప్పట్నుంచీ పిన్ని దేనికి భయపడుతోందో, అది మంచం మీంచే వచ్చింది. పిన్ని వెళ్లి ఆయన చొక్కా పట్టుకుంది. “ఏటన్నావు? నాను సచ్చిపోనానా?” ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆఫీసరు పెన్ను మూసేసింది. “ఆశ్రమం ఎవరూ లేనివాళ్లకి, పక్‌చిక్. మీకు మనిషి ఉంది. నేనొచ్చింది ఆవిడ నడుం సంగతి చూడ్డానికే.” డాక్టరు ఉత్తరం ఒక్కటి తక్కువైందని, రెండు వారాల్లో తెమ్మని చెప్పి వెళ్లిపోయింది. మధ్యాహ్నమే క్లినిక్‌కి వెళ్లి ఆ ఉత్తరం కావాలని రాసిచ్చి వచ్చాను.

మూడో నెల నుంచి సాయం వస్తోంది. చిన్నాన్నని ఎత్తి కూర్చోబెట్టడానికి పిన్ని పక్కింటామెని రోజుకో పూట పెట్టుకుంది. ఆయన మళ్లీ ఆ మాట అనలేదు, అయినా పిన్నికి నిద్ర సరిగా పట్టదట. నాకూ అంతే. ఆఫీసు వాళ్లు ఏం చేస్తారోనని దారంతా వణికాను గాని, ఆ ఇంట్లో పడుకుని ఉన్న మనిషి ఏమనుకుంటున్నాడో రెండేళ్లలో ఒక్కసారీ అడగలేదు. అడిగింది ముక్కూమొహం తెలియని ఒక అమ్మాయి. మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక రోజు ముందే వెళ్లండి. ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, రేపు ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో ముందు ఆ మనిషికి చెప్పి, తనేమనుకుంటున్నాడో అడగండి.